పరీక్ష అడిగిన ప్రశ్నకే సమాధానం: కరోనా ప్రతిరక్షక పరీక్షల విశ్వసనీయతలో ప్రతిజనకం పాత్ర

మంచిర్యాల, బెల్లంపల్లి పట్టణాల నడుమ కాజీపేట - బల్లార్షా రైలు మార్గం మీద ఉన్న మందమర్రి బొగ్గు గనుల పట్టణం. షిఫ్టుల వారీగా గనుల్లోకి దిగే సింగరేణి కార్మికులు, చుట్టుపక్కల గ్రామాల్లో పత్తి, వరి సాగు చేసే రైతులు, గొర్రెలు, పశువులు పెంచేవారు ఇక్కడ ఒకే సంతలో, ఒకే బస్సులో, ఒకే వైద్యశాల వరండాలో కలుసుకుంటారు. ఇటువంటి పట్టణంలో ముగ్గురు వ్యక్తులు ఒకే రోజున, ఒకే పరీక్షాశాలలో కరోనా ప్రతిరక్షక పరీక్ష చేయించుకున్నారని ఊహిద్దాం. మొదటి వ్యక్తికి ఎనిమిది నెలల క్రితం స్వల్ప లక్షణాలతో కరోనా వచ్చి తగ్గింది, టీకా వేయించుకోలేదు. రెండవ వ్యక్తికి వ్యాధి రాలేదు; కోవిషీల్డ్ రెండు మోతాదులు పూర్తయ్యాయి. మూడవ వ్యక్తికి కూడా వ్యాధి రాలేదు. కోవాక్సిన్ రెండు మోతాదులు తీసుకున్నారు.

పరీక్షాశాలలో ఉన్న కిట్టు వైరస్‌లోని న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ ఆధారంగా తయారైనది. మొదటి వ్యక్తికి నెగెటివ్, రెండవ వ్యక్తికి నెగెటివ్, మూడవ వ్యక్తికి పాజిటివ్ రావడానికి పూర్తి అవకాశం ఉంది. ఈ ఫలితాలను ఉన్నవి ఉన్నట్లుగా చదివితే, కరోనా వచ్చిన వ్యక్తికి రాలేదనీ, టీకా పొందిన వ్యక్తికి రక్షణ లేదనీ, రాని వ్యక్తికి వ్యాధి వచ్చిందనీ అర్థమవుతుంది. మూడు నిర్ధారణలూ తప్పే. అయినా కిట్టు చెడిపోలేదు. సాంకేతిక సిబ్బంది పొరపడలేదు. ప్రతిరక్షక పరీక్ష తనలో అమర్చిన ప్రతిజనకం అడిగే ప్రశ్నకు మాత్రమే సమాధానం చెబుతుంది. ఆ ప్రశ్న ఏమిటో తెలుసుకోకుండా సమాధానాన్ని చదవడం వల్లనే పొరపాటు జరుగుతుంది.

గ్రామాల్లో రైతులు పంటల గురించి అడిగినట్లే ఆరోగ్యం గురించి, పశువుల పరీక్షల గురించి కూడా విస్తరణ శాస్త్రవేత్తలను అడుగుతుంటారు. కనుక ప్రతిజనకం ఎంపిక పరీక్షా ఫలితాన్ని ఏ విధంగా మారుస్తుందో మన దేశపు సర్వేల ఆధారంగా ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పరీక్ష పనిచేసే తీరు

మొదట ఒక అపోహను తొలగించుకోవలసి ఉంది. ముక్కు నుండి నమూనా తీసి చేసే ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్ష, ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష శరీరంలో వైరస్ ప్రస్తుతం ఉన్నదా అని చూస్తాయి. రక్తం నుండి చేసే ప్రతిరక్షక పరీక్ష, అంటే యాంటీబాడీ పరీక్ష, వైరస్‌కు శరీరం ఇచ్చిన స్పందన జాడను వెతుకుతుంది. ప్రతిరక్షకాలు కొలవదగిన స్థాయికి చేరడానికి సాధారణంగా రెండు వారాలు పడుతుంది. అందువల్ల జ్వరం వచ్చిన మూడవ రోజున వ్యాధి నిర్ధారణకు ఈ పరీక్ష పనికిరాదు.

వ్యవసాయ విద్యార్థులకు ఎలైసా పరీక్ష కొత్తది కాదు. పంట మొక్కల్లో వైరస్‌ను గుర్తించే డబుల్ యాంటీబాడీ సాండ్విచ్ ఎలైసాలో తెలిసిన ప్రతిరక్షకాన్ని పళ్ళెం గుంటలకు అతికించి, ఆకు రసంలోని తెలియని వైరస్‌ను పట్టుకుంటారు. కరోనా ప్రతిరక్షక పరీక్షలో ఈ అమరిక తలక్రిందులవుతుంది. ఇక్కడ తెలిసిన వైరస్ ప్రోటీన్‌ను గుంటకు అతికించి, రక్తరసిలోని తెలియని ప్రతిరక్షకాన్ని పట్టుకుంటారు. ఆ అతికించిన ప్రోటీనే ప్రతిజనకం. వైరస్ సోకిన మనిషి శరీరం వైరస్‌లోని అనేక భాగాలకు అనేక రకాల ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. గుంటలో ఏ భాగాన్ని ఉంచామో దానికి సంబంధించినవి మాత్రమే అక్కడ నిలుస్తాయి. మిగిలినవన్నీ కడిగే దశలో కొట్టుకుపోతాయి.

పరీక్ష విశ్వసనీయతను రెండు కొలతలతో చెబుతారు. నిజంగా ప్రతిరక్షకాలు ఉన్నవారిలో ఎంతమందిని పరీక్ష గుర్తిస్తుందో అది సున్నితత్వం. లేనివారిలో ఎంతమందిని లేనివారిగానే చూపుతుందో అది నిర్దిష్టత. ప్రతిజనకం ఎంపిక ఈ రెండింటినీ ప్రభావితం చేస్తుంది.

వైరస్‌లోని ఏ భాగాన్ని ఎంచుకోవాలి?

కరోనా వైరస్ ప్రతిరక్షక పరీక్షల్లో ప్రధానంగా ఉపయోగించిన ప్రతిజనకాలు నాలుగు రకాలు.

న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్: దీనిని ఎన్-ప్రోటీన్ అంటారు. 419 అమైనో ఆమ్లాలతో ఉండే ఈ ప్రోటీన్ వైరస్ లోపల జన్యుపదార్థమైన ఆర్.ఎన్.ఎ.ను చుట్టుకొని ఉంటుంది. వైరస్ సోకిన కణాల్లో ఇది అధిక పరిమాణంలో తయారవుతుంది. కనుక దీనికి ప్రతిరక్షకాలు బలంగా వెలువడతాయి. దీనిని ఇ. కోలై బాక్టీరియాలో సులభంగా, చౌకగా ఉత్పత్తి చేయవచ్చు. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. శుద్ధి సరిగా జరగకపోతే మిగిలిపోయిన బాక్టీరియా ప్రోటీన్లకు మన రక్తంలో సహజంగా ఉండే ప్రతిరక్షకాలు అతుక్కొని తప్పుడు పాజిటివ్ వస్తుంది. అలాగే ఎన్-ప్రోటీన్‌లోని కొన్ని భాగాలు కరోనా కుటుంబపు వైరస్‌లన్నింటిలోనూ దాదాపు ఒకే విధంగా ఉంటాయి. సాధారణ జలుబు కలిగించే ఓ.సి.43, హెచ్.కె.యు.1, 229ఇ, ఎన్.ఎల్.63 అనే నాలుగు మానవ కరోనా వైరస్‌లు మనలో చాలామందికి బాల్యంలోనే సోకి ఉంటాయి. వాటికి పుట్టిన పాత ప్రతిరక్షకాలు ఈ ఉమ్మడి భాగాలకు అతుక్కోవచ్చు. ఈ కారణంగానే కొందరు తయారీదారులు ఉమ్మడి భాగాలను తొలగించి, కుదించిన ఎన్-ప్రోటీన్‌ను ఉపయోగిస్తారు.

స్పైక్ ప్రోటీన్: ఎస్-ప్రోటీన్ అని పిలిచే ఇది 1273 అమైనో ఆమ్లాల పొడవు కలిగి, వైరస్ ఉపరితలంపై మూడేసి కలిసి కొమ్ముల వలె నిలిచి ఉంటుంది. దీనిలో ఎస్1, ఎస్2 అనే రెండు భాగాలున్నాయి. ఎస్2 భాగం ఇతర కరోనా వైరస్‌లతో ఎక్కువ పోలిక కలిగి ఉంటుంది; ఎస్1 భాగంలో పోలిక తక్కువ. కనుక పూర్తి స్పైక్‌ను వాడితే సున్నితత్వం పెరిగే అవకాశంతోపాటు పాత జలుబు వైరస్‌ల ప్రతిరక్షకాలు అడ్డుపడే అవకాశం కూడా ఉంటుంది.

గ్రాహక బంధన భాగం: ఎస్1లో సుమారు 319 నుండి 541 వరకు గల అమైనో ఆమ్లాల భాగమిది. ఆర్.బి.డి. అనే పేరుతో ప్రసిద్ధం. మానవ కణంపై ఉన్న ఏ.సి.ఇ.2 గ్రాహకానికి వైరస్ అతుక్కునేది దీనితోనే. జలుబు వైరస్‌లతో పోలిక చాలా తక్కువ కనుక నిర్దిష్టత బాగుంటుంది. వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలలో అధిక భాగం దీనినే లక్ష్యంగా చేసుకుంటాయి కనుక రక్షణతో దీనికి దగ్గరి సంబంధం ఉంది. అయితే ఈ ప్రోటీన్ సరైన ఆకృతిలో ముడుచుకోవాలి. దానిపై చక్కెర అణువులు అతకాలి. ఇ. కోలై బాక్టీరియాలో చక్కెరల అతుకు జరగదు కాబట్టి క్షీరద కణాల్లోనో, ఈస్టులోనో తయారు చేయవలసి ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది. ఆకృతి చెడిన ఆర్.బి.డి.ని వాడితే, ఆకృతిని బట్టి గుర్తించే ప్రతిరక్షకాలు దానికి అతుక్కోవు, సున్నితత్వం పడిపోతుంది.

నిష్క్రియం చేసిన పూర్తి వైరస్: పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ 2020లో రూపొందించిన కోవిడ్ కవచ్ ఎలైసా ఈ రకానికి చెందినది. కణవర్ధనంలో పెంచి నిష్క్రియం చేసిన వైరస్‌ను ఇందులో ప్రతిజనకంగా వాడారు. వైరస్‌లోని అన్ని ప్రోటీన్లూ ఉండటం దీని బలం. ఉమ్మడి భాగాలు కూడా ఉండటం దీని పరిమితి. అప్పటికి మన దేశంలో ఆర్.బి.డి. వంటి పునఃసంయోజిత ప్రోటీన్లు తగినంతగా అందుబాటులో లేని దశలో, చేతిలో ఉన్న వైరస్‌తోనే వేగంగా స్వదేశీ పరీక్షను తయారు చేయగలగడం విశేషం.

వ్యాప్తి తక్కువగా ఉన్నప్పుడు: నిర్దిష్టతే కీలకం

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., 2020 మే - జూన్ నెలల్లో 21 రాష్ట్రాలలోని 70 జిల్లాల్లో మొదటి జాతీయ సీరో సర్వే నిర్వహించింది. తెలంగాణ నుండి జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలను ఎంపిక చేశారు. దేశం మొత్తం మీద వయోజనుల్లో ప్రతిరక్షకాలు ఉన్నవారు 0.73 శాతంగా అంచనా వేశారు.

ఈ సర్వేలో మొదట కోవిడ్ కవచ్ పరీక్ష చేశారు. దాని సున్నితత్వం 92.37 శాతం, నిర్దిష్టత 97.9 శాతంగా ప్రకటితమయ్యాయి. వినడానికి రెండూ మంచి సంఖ్యలే. కాని వ్యాప్తి ఒక శాతం కంటే తక్కువగా ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో లెక్క వేసి చూడాలి. ఆ దశలో మందమర్రి వంటి పట్టణంలో వెయ్యి మందిని పరీక్షించామనీ, వారిలో నిజంగా వైరస్ సోకినవారు ఏడుగురనీ అనుకుందాం. ఏడుగురిలో ఆరుగురో ఏడుగురో పాజిటివ్‌గా తేలతారు. సోకని 993 మందిలో 2.1 శాతం, అంటే సుమారు 21 మంది, తప్పుగా పాజిటివ్ అవుతారు. మొత్తం 27 లేదా 28 పాజిటివ్‌లలో నాలుగింట మూడు వంతులు తప్పుడువే. సర్వేలో వచ్చే సంఖ్య అసలు వ్యాప్తికి నాలుగింతలుగా కనిపిస్తుంది.

ఈ సమస్యకు సర్వే రూపకర్తలు కనుగొన్న పరిష్కారంలోనే మన పాఠం ఉంది. పూర్తి వైరస్ ఆధారిత పరీక్షలో పాజిటివ్ వచ్చిన రక్తరసిని ఎస్1 ప్రతిజనకంతో తయారైన మరొక ఎలైసాతో మళ్ళీ పరీక్షించారు. రెండింటిలోనూ పాజిటివ్ వచ్చినవారినే లెక్కలోకి తీసుకున్నారు. రెండవ పరీక్షలో వేరే ప్రతిజనకాన్ని ఎందుకు ఎంచుకోవాలి? అదే పరీక్షను మరొకసారి చేస్తే సరిపోదా? సరిపోదు. ఎన్-ప్రోటీన్‌లోని ఉమ్మడి భాగానికి అతుక్కున్న పాత జలుబు ప్రతిరక్షకం అదే ప్రతిజనకం ముందు రెండవసారి కూడా అతుక్కుంటుంది. అదే తప్పు పునరావృతమవుతుంది. ఆ భాగమే లేని ఎస్1 ప్రతిజనకం ముందు దానికి పట్టు దొరకదు. పొలంలో ఒక లక్షణాన్ని చూసి తెగులును అనుమానించి, దానితో సంబంధం లేని మరొక లక్షణంతో నిర్ధారించుకోవడం వంటిదే ఇది.

వ్యాప్తి పెరిగిన తరువాత ఇదే పరీక్ష విలువ మారిపోతుంది. వెయ్యి మందిలో 200 మందికి వైరస్ సోకి ఉంటే, అదే కిట్టు సుమారు 185 మందిని సరిగా గుర్తిస్తుంది. తప్పుడు పాజిటివ్‌లు సుమారు 17 మాత్రమే. కిట్టు మారలేదు, పరిస్థితి మారింది. కిట్టు పెట్టెపై ముద్రించిన శాతాలు మాత్రమే చూసి ఫలితాన్ని నమ్మడం ఎంత ప్రమాదమో ఈ రెండు లెక్కలు తెలుపుతాయి.

కాలం గడిచిన తరువాత: సున్నితత్వం కరిగిపోతుంది

2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో జరిగిన మూడవ జాతీయ సర్వే ప్రతిజనకం ప్రభావాన్ని అత్యంత స్పష్టంగా చూపిన సందర్భం. ఈ సర్వే ముగిసిన తరువాతనే, 2021 జనవరి 16న, దేశంలో టీకా కార్యక్రమం ప్రారంభమైంది. కనుక ఆ రక్తరసుల్లో కనిపించిన ప్రతిరక్షకాలు సహజంగా సోకిన వ్యాధి వల్ల వచ్చినవే. ఈసారి ఒకే నమూనాను ఎన్-ప్రోటీన్‌తోనూ, ఎస్1 ఆర్.బి.డి.తోనూ వేర్వేరుగా పరీక్షించారు. పదేళ్ళు, అంతకు పైబడినవారి నుండి సేకరించిన 28,598 నమూనాల ఫలితాలు ఇలా ఉన్నాయి.

• ఎన్-ప్రోటీన్ పరీక్షలో పాజిటివ్: 4,585 (16 శాతం)
• ఎస్1 ఆర్.బి.డి. పరీక్షలో పాజిటివ్: 6,647 (23.2 శాతం)
• రెండింటిలో ఏదో ఒకదానిలో పాజిటివ్: 7,436 (26 శాతం)

ఈ మూడు సంఖ్యల నుండి మిగిలిన వివరాలను మనమే రాబట్టవచ్చు. రెండు పరీక్షల్లోనూ పాజిటివ్ అయినవారు 3,796 మంది. ఎన్-ప్రోటీన్‌కు మాత్రమే పాజిటివ్ అయినవారు 789 మంది. ఎస్1 ఆర్.బి.డి.కి మాత్రమే పాజిటివ్ అయినవారు 2,851 మంది. అంటే ఎన్-ప్రోటీన్ పరీక్షను మాత్రమే నమ్ముకొని ఉంటే, ఏదో ఒక పరీక్షలో గుర్తించిన ప్రతి వంద మందిలో 38 మందిని వదిలివేసేవారం. ఎస్1 ఆర్.బి.డి. మాత్రమే వాడి ఉంటే వదిలివేసేది సుమారు 11 మందిని. ఒకే ప్రజలు, ఒకే రక్తం, ఒకే కాలం. ప్రతిజనకం మారినందుకే వ్యాప్తి 16 శాతంగానో, 23 శాతంగానో కనిపించింది.

ఈ తేడాకు ప్రధాన కారణం కాలం. 2020 ఆగస్టు - సెప్టెంబరు నెలల్లో జరిగిన రెండవ సర్వేలో ఎన్-ప్రోటీన్ పరీక్షనే వాడారు. అప్పటి అంచనా 6.6 శాతం. మొదటి ఉధృతి సెప్టెంబరులో శిఖరానికి చేరింది. డిసెంబరు నాటికి ఎందరికో వ్యాధి సోకి మూడు, నాలుగు నెలలు దాటాయి. ఆ సర్వేల్లో వాడిన రకపు ఎన్-ప్రోటీన్ ఐ.జి.జి. పరీక్షలో ప్రతిరక్షకాల స్థాయి నెలలు గడిచేకొద్దీ గీటురాయి కంటే క్రిందికి పడిపోతుందని అనేక దేశాల్లో గమనించారు. స్వల్ప లక్షణాలు ఉన్నవారిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఎస్1 ఆర్.బి.డి. ప్రతిరక్షకాలు సాపేక్షంగా ఎక్కువకాలం కొలతకు అందుతాయి.

బ్రెజిల్‌లోని మనాస్ నగరంలో రక్తదాతల నమూనాలపై జరిగిన అధ్యయనంలో కూడా ఇదే సమస్య ఎదురైంది. అక్కడ ఎన్-ప్రోటీన్ పరీక్షలో 2020 జూన్ నాటికి 44 శాతం మందిలో ప్రతిరక్షకాలు కనిపించాయి. తగ్గుదలను లెక్కలోకి తీసుకొని సవరించినప్పుడు జూన్ నాటి వ్యాప్తి 66 శాతంగానూ, అక్టోబరు నాటికి 76 శాతంగానూ తేలింది. సవరణ లేకుండా ముడి సంఖ్యలనే చదివితే, వ్యాధి సోకినవారి సంఖ్య కాలంతోపాటు తగ్గుతున్నట్లు అసంబద్ధమైన చిత్రం కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మినహాయింపును గుర్తుంచుకోవాలి. ఎన్-ప్రోటీన్ పరీక్షలన్నీ త్వరగా సున్నితత్వాన్ని కోల్పోతాయని చెప్పడం సరికాదు. రక్తరసిలోని ప్రతిరక్షకం రెండు చేతులతోనూ ప్రతిజనకాన్ని పట్టుకునేలా అమర్చిన ద్వంద్వ ప్రతిజనక పరీక్షల్లో, అదే ఎన్-ప్రోటీన్ వాడినప్పటికీ, పాజిటివ్ ఫలితం చాలాకాలం నిలుస్తుంది. కాలం గడిచేకొద్దీ ప్రతిరక్షకాల సంఖ్య తగ్గినా వాటి పట్టు బలపడటమే దీనికి కారణం. కనుక ప్రతిజనకంతోపాటు పరీక్ష అమరికను కూడా చూడాలి.

మొదటి, మూడవ సర్వేలను పక్కపక్కన ఉంచి చూస్తే మరొక అంశం బోధపడుతుంది. మొదటి సర్వేలో "రెండు పరీక్షల్లోనూ పాజిటివ్" అయితేనే అంగీకరించారు. మూడవ సర్వేలో "ఏ ఒక్కదానిలో పాజిటివ్" అయినా అంగీకరించారు. ఇది పరస్పర విరుద్ధం కాదు. వ్యాప్తి అత్యల్పంగా ఉన్నప్పుడు తప్పుడు పాజిటివ్‌లు ప్రధాన శత్రువు. కనుక నియమం కఠినంగా ఉండాలి. వ్యాప్తి పెరిగి, నెలలు గడిచిన తరువాత తప్పుడు నెగెటివ్‌లు ప్రధాన శత్రువు. కనుక వల వెడల్పుగా వేయాలి. ఏ ఒక్కదాన్నైనా అంగీకరించినప్పుడు రెండు పరీక్షల తప్పుడు పాజిటివ్‌లూ కలుస్తాయి కనుక, పరీక్షల స్వభావాన్ని బట్టి సంఖ్యను సవరించి 24.1 శాతంగా తుది అంచనాను ప్రకటించారు.

టీకాల తరువాత మారిన ప్రశ్న

టీకాలు వచ్చిన తరువాత ప్రతిజనకం ఎంపిక మరింత సున్నితమైన విషయమైంది. మన రాష్ట్రంతో దీనికి దగ్గరి సంబంధం ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారు చేసిన కోవాక్సిన్ నిష్క్రియం చేసిన పూర్తి వైరస్ టీకా. హైదరాబాద్‌లోనే బయోలాజికల్-ఇ సంస్థ ఈస్టులో ఉత్పత్తి చేసిన ఆర్.బి.డి. ప్రోటీన్‌తో కార్బెవాక్స్ టీకాను తయారు చేసింది. దానికి 2021 డిసెంబరులో అత్యవసర వినియోగ అనుమతి లభించింది. పుణెలో తయారైన కోవిషీల్డ్ శరీర కణాలచే పూర్తి స్పైక్ ప్రోటీన్‌ను తయారు చేయిస్తుంది.

కోవిషీల్డ్ పొందిన వ్యక్తిలో స్పైక్‌కు, అందులోని ఆర్.బి.డి.కి ప్రతిరక్షకాలు ఉంటాయి, ఎన్-ప్రోటీన్‌కు ఉండవు. కార్బెవాక్స్ పొందిన వ్యక్తిలో ఆర్.బి.డి.కి ఉంటాయి, ఎస్2కు గాని, ఎన్-ప్రోటీన్‌కు గాని ఉండవు. కోవాక్సిన్ పొందిన వ్యక్తిలో స్పైక్‌తోపాటు ఎన్-ప్రోటీన్‌కు కూడా ప్రతిరక్షకాలు పుట్టవచ్చు. స్పైక్ ఆధారిత టీకాలే వాడిన దేశాల్లో "ఎన్ పాజిటివ్ అయితే వ్యాధి సోకింది, ఎస్ మాత్రమే పాజిటివ్ అయితే టీకా వల్ల వచ్చింది" అనే సూత్రం చాలావరకు పనిచేసింది. రెండు రకాల టీకాలూ విస్తృతంగా వాడిన మన దేశంలో ఈ సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేయలేము. వ్యక్తి ఏ టీకా వేయించుకున్నాడో తెలియనిదే ఎన్-ప్రోటీన్ ఫలితానికి అర్థం లేదు. 2021 జూన్ - జులై నెలల్లో జరిగిన నాలుగవ జాతీయ సర్వేలో ప్రతిరక్షకాలు 67.6 శాతం మందిలో కనిపించినప్పుడు, టీకా పొందినవారిని, పొందనివారిని వేరు చేసి చూపవలసి రావడానికి కారణం ఇదే.

స్పైక్ టీకా పొందినవారిలో కూడా ఎన్-ప్రోటీన్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన వ్యాధి సోకలేదని చెప్పలేము. మోడెర్నా టీకా ప్రయోగ పరీక్షల్లో వ్యాధి నిర్ధారణ అయినవారిని పరిశీలించగా, టీకా పొందని వర్గంలో 93 శాతం మందిలో ఎన్-ప్రోటీన్ ప్రతిరక్షకాలు వెలువడగా, టీకా పొందినవారిలో 40 శాతం మందిలోనే కనిపించాయి. టీకా వైరస్ వృద్ధిని త్వరగా అణచివేయడం వల్ల ఎన్-ప్రోటీన్ శరీరానికి తగినంతగా పరిచయం కాకపోవడమే దీనికి కారణంగా భావిస్తున్నారు.

కొత్త రకాల రాకతో మరొక చిక్కు ఏర్పడింది. 2021 నవంబరులో వెలుగులోకి వచ్చిన ఒమిక్రాన్ రకంలో ఆర్.బి.డి. భాగంలోనే సుమారు 15 మార్పులున్నాయి. కిట్టులో ఉన్నది 2020 నాటి తొలి వైరస్ ఆర్.బి.డి. అయితే, అది చూపే ఎక్కువ సంఖ్య తొలి వైరస్‌పై ప్రతిరక్షకాల పరిమాణాన్ని చెబుతుందే తప్ప ఒమిక్రాన్‌ను ఎంతవరకు ఎదుర్కొంటాయో చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 డిసెంబరులో అంతర్జాతీయ ప్రమాణ రక్తరసిని ఆమోదించి, వేర్వేరు కిట్ల సంఖ్యలను ఒకే కొలమానంలోకి తేవడానికి మార్గం వేసింది. అయినప్పటికీ ఒకే ప్రతిజనకానికి చెందిన ఫలితాలను మాత్రమే పరస్పరం పోల్చవచ్చు.

పశువైద్యంలో ఇదే పాఠం

ఈ సూత్రం పశువైద్య రంగానికి చిరపరిచితం. 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు వ్యాధికి, బ్రూసెల్లోసిస్‌కు టీకాలు వేస్తున్నారు. గాలికుంటు టీకాలో నిష్క్రియం చేసిన వైరస్‌ను శుద్ధి చేసి, వైరస్ వృద్ధి చెందేటప్పుడు మాత్రమే తయారయ్యే అనిర్మాణాత్మక ప్రోటీన్లను తొలగిస్తారు. కనుక టీకా వేసిన పశువులో నిర్మాణాత్మక ప్రోటీన్లకు మాత్రమే ప్రతిరక్షకాలు ఉంటాయి. వ్యాధి సోకిన పశువులో రెండింటికీ ఉంటాయి. 3ఏబీ3 అనే అనిర్మాణాత్మక ప్రోటీన్‌ను ప్రతిజనకంగా వాడే ఎలైసాను మన దేశంలోనే అభివృద్ధి చేశారు. టీకా వేసిన మందలో సైతం వ్యాధి తిరుగుతున్నదా అని తెలుసుకోవడానికి ఇది ఉపకరిస్తుంది. టీకానూ, పరీక్షనూ కలిపి ఆలోచించి రూపొందించడం వల్లనే ఇది సాధ్యమైంది.

బ్రూసెల్లోసిస్‌లో పరిస్థితి వేరు. ఎస్-19 టీకాలోని సజీవ బాక్టీరియా ఉపరితలంపై ఉండే లైపోపాలిసాకరైడ్, రోజ్ బెంగాల్ పరీక్షలో వాడే ప్రతిజనకంలోనిదీ ఒక్కటే. అందువల్ల టీకా వల్ల వచ్చిన ప్రతిరక్షకాలను, వ్యాధి వల్ల వచ్చినవాటిని ఈ పరీక్ష వేరు చేయలేదు. టీకాను 4 - 8 నెలల పెయ్యదూడలకే పరిమితం చేయడానికి గల కారణాల్లో, అవి పెద్దవయ్యేసరికి ఈ ప్రతిరక్షకాలు తగ్గిపోవడం ఒకటి. అంతేకాక యెర్సీనియా ఎంటరోకోలిటికా ఓ:9 అనే మరొక బాక్టీరియాలో ఇదే నమూనా చక్కెర గొలుసు ఉండటం వల్ల కూడా తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. కరోనాలో జలుబు వైరస్‌లు చేసిన పనినే ఇక్కడ ఈ బాక్టీరియా చేస్తున్నది. గొర్రెలు, మేకలకు వేసే పి.పి.ఆర్. సజీవ టీకా విషయంలోనూ ప్రతిరక్షక పరీక్ష టీకాకు, వ్యాధికి మధ్య భేదం చూపలేదు.

పశువుల్లో కరోనా ప్రతిరక్షకాలను వెతికేటప్పుడు ప్రతిజనకం ఎంపిక మరింత కీలకం. పశువుల్లో, ముఖ్యంగా దూడల్లో, విరేచనాలు కలిగించే బొవైన్ కరోనా వైరస్ కూడా కోవిడ్ వైరస్ చెందిన బీటా కరోనా ప్రజాతిలోనిదే. పశువుల రక్తరసిని పరీక్షించేటప్పుడు ఆర్.బి.డి. ఆధారిత పరీక్షలను ఎంచుకోవడం వెనుక ఈ జాగ్రత్తే ఉంది. అమెరికాలో 2021లో సేకరించిన తెల్లతోక జింకల నమూనాల్లో 40 శాతం వరకు ప్రతిరక్షకాలను గుర్తించిన అధ్యయనంలో, ఆర్.బి.డి., ఏ.సి.ఇ.2 బంధాన్ని ప్రతిరక్షకాలు అడ్డుకుంటున్నాయా అని చూసే పరీక్షను వాడారు. ఏ జంతుజాతి రక్తరసికైనా దీనిని వాడవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు సూచనలు

1. ప్రతిరక్షక పరీక్ష ఫలితం చూపించి ఎవరైనా సలహా అడిగినప్పుడు మొదట నాలుగు విషయాలు తెలుసుకోవాలి: పరీక్షలో వాడిన ప్రతిజనకం ఏది, వ్యాధి సోకి ఎంతకాలమైంది, ఏ టీకా ఎప్పుడు వేయించుకున్నారు, ఆ ప్రాంతంలో వ్యాప్తి ఎంత.

2. నెగెటివ్ ఫలితాన్ని "రక్షణ లేదు" అనీ, పాజిటివ్ ఫలితాన్ని "ఇక భయం లేదు" అనీ వివరించరాదు. ప్రతిరక్షకాలు తగ్గినా జ్ఞాపక కణాలు మిగిలి ఉంటాయి. ఈ పరీక్ష వాటిని కొలవదు. టీకా, వైద్యానికి సంబంధించిన నిర్ణయాలను వైద్యుల సలహాకే వదలాలి.

3. రెండు వేర్వేరు కిట్లతో వచ్చిన సంఖ్యలను పోల్చి "ప్రతిరక్షకాలు పెరిగాయి" లేదా "తగ్గాయి" అని చెప్పరాదు.

4. వ్యాప్తి తక్కువగా ఉన్న వ్యాధిపై సర్వే చేసేటప్పుడు, పాజిటివ్‌లను వేరొక ప్రతిజనకం గల పరీక్షతో నిర్ధారించుకోవాలి. వ్యాధి తగ్గి చాలాకాలమైన సమూహంలో సర్వే చేసేటప్పుడు రెండు ప్రతిజనకాలతో సమాంతరంగా పరీక్షించడం మేలు.

5. విద్యార్థులు తమ పరిశోధనా వ్యాసాల్లో "ఎలైసా చేశాము" అని వ్రాసి ఊరుకోరాదు. ప్రతిజనకం పేరు, దానిని ఉత్పత్తి చేసిన కణవ్యవస్థ, గీటురాయిని నిర్ణయించిన విధానం తప్పక పేర్కొనాలి. ఆసుపత్రిలో చేరిన తీవ్ర రోగుల రక్తరసితో నిర్ణయించిన సున్నితత్వం, గ్రామంలో స్వల్ప లక్షణాలతో కోలుకున్నవారికి వర్తించకపోవచ్చు.

6. పశువులకు ప్రతిరక్షక పరీక్ష చేయించే ముందు టీకాల రికార్డు చూడాలి. టీకా వివరం తెలియని పశువును పాజిటివ్ ఫలితం ఆధారంగా మాత్రమే రోగగ్రస్తంగా ముద్ర వేస్తే, రైతు మంచి పాడిపశువును అగ్గువకు అమ్ముకొని నష్టపోయే ప్రమాదం ఉంది.

ముగింపు

జాతీయ సర్వేల్లో తెలంగాణ నుండి మూడు జిల్లాలకే చోటు దక్కింది. మంచిర్యాల వాటిలో లేదు. రేపు మరొక అంటువ్యాధి వచ్చినప్పుడు, గనులు, పొలాలు కలిసి ఉన్న ఇటువంటి ప్రాంతంలో స్థానికంగా సర్వే చేయవలసి రావచ్చు. అప్పుడు దొరికిన కిట్టుతో పరీక్షించి, వచ్చిన శాతాన్ని ప్రకటించడం సులభం. ఆ శాతం ఆధారంగానే గనిలో షిఫ్టుల ఏర్పాటు, బడులు తెరవడం, సంతలు జరపడం వంటి నిర్ణయాలు జరుగుతాయి కనుక, ఆ శాతం వెనుక ఉన్న ప్రతిజనకాన్ని ముందుగా తెలుసుకోవడం అవసరం. మొదట చెప్పుకున్న ముగ్గురు వ్యక్తులకూ ఎన్-ప్రోటీన్, ఎస్1 ఆర్.బి.డి. పరీక్షలు రెండూ చేసి, వారి టీకా వివరాలను పక్కన వ్రాసి ఉంటే, మొదటి వ్యక్తిలో పాత వ్యాధి జాడ, రెండవ వ్యక్తిలో టీకా స్పందన కనిపించేవి. మూడవ వ్యక్తి ఎన్-పాజిటివ్‌ను వ్యాధిగా పొరబడే అవకాశం ఉండేది కాదు. నేల పరీక్ష ఫలితం చూసే ముందు నమూనా ఏ లోతు నుండి తీశారని అడగడం మనకు అలవాటు. ప్రతిరక్షక పరీక్ష ఫలితం చూసే ముందు ప్రతిజనకం ఏదని అడగడం కూడా అంతే సహజమైన అలవాటు కావాలి.